లెఫ్ట్ కార్నర్ నుంచి బావకి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? ఆదివారం మావయ్య నిన్ను చూడ్డానికి బెజవాడ వస్తున్నాడంట. అత్తయ్య సున్నుండలు చేస్తోంది. ఆ డబ్బాతో పాటే ఈ ఉత్తరం పంపిస్తున్నాను. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదా. ఒకందుకు అదే మంచిదయింది, ఫోన్లో అయితే ఈ మాట నా నోటంట వచ్చేది కాదేమో.

నేను కబడ్డీ మానేశానురా.

ఇక్కడే ఆపేసి తిట్టుకోకు. మొత్తం చదువు. ఇంకొకళ్ళెవరన్నా చెప్తే నువ్వు వేరేగా అనుకుంటావు, అందుకే నా చేత్తో నేనే రాస్తున్నాను.

మొంథా తుఫాను సంగతి వినే ఉంటావు. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మా దొడ్లో రెండు కొబ్బరిచెట్లు కూలిపోయాయి. ఒకటి సరిగ్గా పాక అంచున పడింది, గేదె బతికిపోయింది. రాత్రంతా ఆ హోరుకి ఎవరికీ నిద్రలేదు. తెల్లారాక కూడా వాన వదల్లేదు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఇంత నీళ్ళొచ్చాయి, ఇక పదిరోజుల దాకా గ్రౌండు ఆరదు, సాయంత్రం ప్రాక్టీసుండదు అని మనసులో అనుకున్నాను. అనుకోగానే ప్రాణం ఎంత హాయిగా అయిపోయిందో చెప్పలేను. తలెత్తి చూస్తే మా నాన్న గోనెసంచి నెత్తిన కప్పుకుని కాలవగట్టు మీద నిలబడి ఉన్నాడు. గింజ గట్టిపడ్డ స్వర్ణ రకం వరిచేను మొత్తం నీళ్ళలో పడుకునుంది. ఇంకో ఇరవై రోజులుంటే కోతలు. ఆయన అటు చూస్తూ నిలబడితే, నేనిక్కడ అదే వానకి సంతోషపడ్డాను. అప్పుడు కడుపులో ఏదో తిప్పినట్టయింది బావా.

మనం ఆరో తరగతిలో ఉన్నప్పుడు వానొస్తే ఏం చేసేవాళ్ళమో గుర్తుందా? కోర్టులో నీళ్ళు బొచ్చెలతో తోడిపోసి, రైసుమిల్లు నుంచి ఊక మోసుకొచ్చి జల్లి, చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. ఊకంతా ఒంటికి అంటుకుని రాత్రి దురదలతో చచ్చేవాళ్ళం. అలాంటి నేను వానొచ్చి ఆట ఆగితే ఊపిరి పీల్చుకున్నానంటే, అప్పటికే నాకు కబడ్డీ మీద మనసు పోయిందన్నమాట. ఎప్పుడు పోయిందో మాత్రం తెలియలేదు.

భయమేమో అని చూసుకున్నాను. కాదు. దెబ్బలు మనకి కొత్తా? సాయంత్రం నాలుగున్నరకి విజిల్ వినపడగానే కాళ్ళు బరువెక్కేవి, అంతే. కూతకొచ్చినవాణ్ణి పట్టినా, పాయింటొచ్చినా, అందరూ వీపు చరుస్తున్నా లోపల ఏమీ ఉండేది కాదు. ఇంటికెప్పుడెళ్దామా అని చూసేవాణ్ణి. జూన్ నుంచీ అంతే. వర్షాలు తగ్గితే బాగుంటుంది, కొత్త షూ కొంటే బాగుంటుంది, జిల్లా సెలక్షన్లు దగ్గరపడితే హుషారొస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. షూ కూడా కొన్నారు పాపం నాన్న.

నువ్వెళ్ళాక లెఫ్ట్ కార్నర్లో ఉండే నా పక్కన, నువ్వాడే లెఫ్ట్ ఇన్‌లోకి తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి పెట్టారు. మంచి ఆటగాడు, మనసు కూడా మంచిది. నీ చోటుకొచ్చాడని వాడి మీద నాకేం కోపం లేదు. కానీ చెయిన్ కట్టడానికి వాడి చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ నీ చెయ్యే గుర్తొచ్చేది. మనం ఒక్కమాట మాట్లాడుకునేవాళ్ళం కాదు కదా. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే పద. పోయిన సంక్రాంతికి రాజోలు దగ్గర ఆడిన ఆట నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చూస్తాను. మనవాళ్ళు ముగ్గురమే మిగిలాం. పట్టామా సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. వదిలామా ఆలౌట్ ముంగిట్లో ఉన్నట్టే. కూతకొచ్చిన పొడుగాటివాడు తనకున్న ముప్పై సెకన్లలో ఇరవై పైగా మధ్యగీత దగ్గరే గడిపి ఒక్కసారి కాలు లోపలికి చాపాడు. నువ్వు నా వేళ్ళు రెండుసార్లు నొక్కావు. నేను మడమ మీద పడేటప్పటికి నువ్వు వాడి నడుం దగ్గరున్నావు. వాడి చెయ్యి గీతకి జానెడు దూరంలో ఆగిపోయింది, ఇసకలో వాడి వేళ్ళ గీతలు నాలుగు అలాగే ఉండిపోయాయి. జనం గోల చేస్తుంటే నువ్వు నా నెత్తి మీదున్న ఇసక దులుపుతున్నావు.

నువ్వెళ్ళిపోవడం వల్ల మానేశానని మాత్రం అనుకోకురా. చదువుకోడానికి వెళ్ళావు, వెళ్ళాల్సిందే. నాలుగేళ్ళుగా నాకు కబడ్డీ అంటే ప్రాణం అనుకున్నాను. నువ్వెళ్ళాక చూసుకుంటే ఆ ప్రాణమంతా మనిద్దరం కలిసి ఆడే ఆటలో ఉంది. మిగిలిన ఆట మీద నాకు అంత ఇష్టం లేదు.

తుఫాను తర్వాత వారం రోజులూ నాన్నతో చేలోనే ఉన్నాను. ముందు బోదెలు తవ్వి నీళ్ళు దించాం. తర్వాత పడిపోయిన దుబ్బుల్ని లేపి, నాలుగైదు కలిపి నిలబెట్టి కట్టలు కట్టడం. వంగి వంగి నడుం పట్టేసేది. కంకుల్లోనే మొలకొచ్చేస్తుందని లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చెయ్యమన్నారు, డ్రమ్ములో ఉప్పు కలిపే పని నాది. కొన్ని కంకులు అప్పటికే తెల్లగా మొలకేసేశాయి. నాన్న అలాంటిదొకటి గిల్లి చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన పక్కన దుబ్బులు పట్టుకుంటూ చెప్పేశాను, నాన్నా నాకు కబడ్డీ ఆడాలని లేదు అని.

ఆయన తిట్టలేదు. ముందు స్పోర్ట్స్ కోటా సంగతెత్తాడు. ఉద్యోగాల్లో రెండు శాతముండేది మూడు చేశారట, సర్టిఫికెట్టుంటే ఎప్పటికైనా పనికొస్తుందన్నాడు. తర్వాత, నేను అనుకున్నట్టే, బ్యాడ్మింటన్ ఆడే మన అమలాపురం సాత్విక్ మధ్యలో మానేస్తే ఇంత పేరొచ్చేదా అన్నాడు. దానికి నా దగ్గర జవాబుంది. 2022లో ఇండియా మొదటిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు మీ ఇంట్లోనే కదా చూశాం? సాత్విక్, అతని జోడీ చిరాగ్ మొదటి గేము పోగొట్టుకుని, తర్వాత రెండూ లాక్కొచ్చారు. ఓడిపోయేలా ఉన్నప్పుడు కూడా వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు, నువ్వే చూపించావు నాకు. ఆ నవ్వు నాకు రావట్లేదు నాన్నా అన్నాను. ఆయనింకేం మాట్లాడలేదు. కాసేపాగి, "అయితే టెన్తని చెప్పరా, మార్చిలో పబ్లిక్ ఉంది కదా, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

అందరూ అదే చెప్పారు బావా, అమ్మ కూడా. నిజమే, దానికి తిరుగులేదు. పదో తరగతి అంటే కబడ్డీ మాస్టారైనా సరే తలూపాల్సిందే. నాకు మాత్రం అలా చెప్పబుద్ధి కాలేదు. చదువని చెప్తే పరీక్షలయ్యాక ఏప్రిల్లో మళ్ళీ పిలుస్తారు, అప్పుడు ఇంకో వంక వెతకాలి. దానికన్నా ముఖ్యం, ఐదేళ్ళు నాకు నేర్పిన మనిషికి అబద్ధం చెప్పి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటుంది, నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. గ్రౌండు ఆరాక మొదటిరోజు ప్రాక్టీసుకెళ్ళాను. ఆ రోజు చెప్పాలనే వెళ్ళాను, చెప్పలేక ఆడాను. కూతకొచ్చినవాడు కాలు చాపాడు. నేను అర క్షణం ఆలస్యంగా కదిలాను. ఆ కుర్రాడు మాత్రం నేను మడమ పట్టేస్తానని నమ్మి నడుం మీదకెళ్ళిపోయాడు. పట్టు లేని కాలు గాల్లోకి లేచింది. మోకాలు వాడి మూతికి తగిలి పెదవి చిట్లింది. రెండు కుట్లు పడ్డాయి. రక్తం ఉమ్ముతూ కూడా "పర్లేదన్నా, నేనే ముందెళ్ళిపోయాను" అన్నాడు. వాడేం ముందెళ్ళలేదురా. నేనే రాలేదు.

మర్నాడు పొద్దున్న ప్రేయర్‌కి ముందే మాస్టారి దగ్గరకెళ్ళాను. ఆయన కోర్టుకి సున్నం కలుపుతున్నారు. ఇష్టం పోయిందండి అని ఉన్నదున్నట్టు చెప్పాను. కర్రతో సున్నం తిప్పుతూనే ఉన్నారు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగారు. లేదండి అన్నాను. సెలక్షన్ల దాకా ఉండరా, తర్వాత నీ ఇష్టం అన్నారు. అక్కడ ఒప్పేసుకునేవాణ్ణే, ఆయన మొహం చూడలేక. కానీ ఆ కుర్రాడి మూతి మీద కుట్లు కళ్ళముందు కనపడ్డాయి. మనసు లేకుండా కార్నర్‌లో నిలబడితే దెబ్బ నాకు తగలదండి, పక్కవాడికి తగులుతుంది అన్నాను. ఆయన డబ్బా కింద పెట్టి, సరే, వెళ్ళు అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నాలుగు రోజులైంది. సాయంత్రం విజిల్ మా ఇంటిదాకా వినపడుతుంది. వినపడగానే ఇంకా లేచి నిలబడుతున్నాను, అలవాటు కదా. నిన్న అమ్మ కార్తీకదీపం వదలడానికెళ్తుంటే తోడుగా రేవుకెళ్ళాను. అరటిదొప్పలో దీపం కొంతదూరం వెళ్ళి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. నీళ్ళలోకి దిగి దాన్ని విడదీసి అవతలకి తోశాను. దూరంగా మనవాళ్ళ కూత వినపడుతూనే ఉంది. నాకు వెళ్ళాలనిపించలేదు. ఏడుపొచ్చింది గానీ, వెళ్ళాలని మాత్రం లేదు.

నీకు కోపమొస్తే రాయి, రాకపోయినా రాయి. మావయ్య చేతికిస్తే నాకు తెచ్చిస్తాడు. సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు మనిద్దరం సరదాగా ఒక ఆట ఆడదామంటే మాత్రం నేను రెడీ.

షూ మీ తమ్ముడికిచ్చేశాను. ఒక నంబరు పెద్దవి, ముందు దూది కుక్కుకుని వేసుకుంటున్నాడు. వాణ్ణి లెఫ్ట్ కార్నర్‌లో నిలబెడుతున్నారంట.

నీ బావ