2016లో ఆగిపోయిన చైనా స్టడీస్ నోట్స్: పూర్తి డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

సింగపూర్,
22 సెప్టెంబర్ 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

నమస్కారం.

మా అమ్మాయి ఇక్కడ జూనియర్ కాలేజీ రెండో సంవత్సరం చదువుతోంది. నవంబరులో ‘ఏ లెవెల్’ పరీక్షలు, అంటే మన ఇంటర్ ఫైనల్ లాంటివి. తన హెచ్2 (ప్రధాన స్థాయి) సబ్జెక్టుల్లో చైనా స్టడీస్ ఇన్ ఇంగ్లిష్ ఒకటి. ఇప్పటి చైనా సమాజం, పాలన, ఇతర దేశాలతో దాని సంబంధాలు అందులో చదవాలి. కొద్ది కాలేజీల్లోనే ఉన్న సబ్జెక్టు కాబట్టి బయట ట్యూషన్ దొరకదు. ఈ సబ్జెక్టు మీరు చెబుతారని విని, మన తెలుగువాళ్ల సంస్థ కదా అని నమ్మి, జనవరిలో 680 సింగపూర్ డాలర్లు కట్టాను. నోట్స్ ఏటా కొత్తగా రాయిస్తామని, నాలుగు వ్యాసాలు దిద్ది పంపుతామని మీరు మెయిల్‌లో రాసి ఇచ్చారు.

అట్ట మీద 2025 అని ఉంది. లోపల చూస్తే, జంటకు ఇద్దరు పిల్లల వరకు అనుమతి అన్న దగ్గరే జనాభా పాఠం ఆగిపోయింది. ఆ విధానం 2016 జనవరిలో వచ్చింది. దక్షిణ చైనా సముద్రం విషయంలో చైనా మీద ఫిలిప్పీన్స్ వేసిన కేసు ఇంకా నడుస్తోందని మరో పాఠంలో ఉంది. ఆ తీర్పు 2016 జులై 12న వచ్చింది, చైనా దాన్ని ఒప్పుకోలేదు కూడా. అంటే మీ నోట్స్ 2016 మొదటి ఆరు నెలల్లో ఎవరో రాసినవి. తొమ్మిదేళ్లుగా అట్ట మాత్రమే మారుస్తున్నారు.

జనాభా సంగతి నేను వదలలేను. ‘నెమ్మదిగా పెరుగుతోంది’ అని మీరు రాశారు. 2022లో చైనా జనాభా సుమారు 8.5 లక్షలు తగ్గింది, 1961 తర్వాత అదే తొలిసారి. మరుసటి ఏడాది 20 లక్షలకు పైగా తగ్గింది. ముగ్గురు పిల్లల్ని కనొచ్చని 2021లోనే చెప్పినా ఫలితం లేదు. పెన్షన్ల భారం, పనిచేసే వయసువాళ్లు తగ్గిపోవడం, ఈ జనవరి నుంచి రిటైర్మెంట్ వయసు మెల్లగా పెంచుతూ పోవడం, అన్నీ దీనికి ముడిపడినవే. మొదటి మాటే తప్పయితే వ్యాసమంతా తప్పుతుంది. ఫైనల్‌కు ముందు కాలేజీలో పెట్టే ప్రిలిమ్స్‌లో మా అమ్మాయి మీ వాక్యమే నమ్మి రాసింది. ‘ఏ సంవత్సరం లెక్క ఇది?’ అని టీచర్ పక్కన రాశారు. ఆ రాత్రి అది అన్నం తినలేదు.

దేశాధ్యక్షుడికి రెండు పర్యాయాలే అని ఉంది. ఆ పరిమితిని 2018 మార్చిలో తీసేశారు. గల్వాన్ ఊసే లేదు. హుకౌ (మనిషిని సొంత ఊరికే ముడిపెట్టే నివాస రిజిస్ట్రేషన్) గురించి రెండంటే రెండు వాక్యాలు. పల్లె నుంచి నగరానికి పనికి వచ్చిన వాళ్ల పిల్లలకు అక్కడి బడిలో సీటు ఎందుకు కష్టమో, 1958 నాటి ఆ రిజిస్ట్రేషన్ పద్ధతి తెలియకపోతే ఎలా అర్థమవుతుంది? మేమూ ఊరు వదిలి వచ్చినవాళ్లమే. మా అమ్మాయికి అన్నిటికన్నా ఇష్టమైన అంశం అదే.

వ్యాసాలు నాలుగు పంపితే రెండే తిరిగొచ్చాయి. రెండింటి కిందా అక్షరం తేడా లేకుండా ఒకటే కామెంట్.

ఫోన్ చేస్తే, ఫైల్ డౌన్‌లోడ్ చేశారు కాబట్టి డబ్బు ఇవ్వలేమన్నారు. డౌన్‌లోడ్ చేయకుండా అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

పదిహేను రోజుల్లో 680 డాలర్లూ వాపసు చేయండి. ఇదే నోట్స్ కొన్న పిల్లలందరికీ ఏ పాఠంలో ఏ తప్పుందో ఈ వారంలోనే మెయిల్ పెట్టండి. నా డబ్బు కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటాను, ఈ మెయిల్ మాత్రం ఆగకూడదు. వాళ్లకీ పరీక్ష నవంబరులోనే. జవాబు రాకపోతే హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి ద్వారా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

రసీదు, మీ మెయిల్, తప్పులున్న పేజీలు, దిద్దిన రెండు వ్యాసాలు జత చేశాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి