బీచుపల్లి పుట్టి అన్నకు కృతజ్ఞతలు

బీచుపల్లి దగ్గర కృష్ణలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నేర్చుకుంటున్న మా తమ్ముడి పడవ పారే నీళ్లలో బండకు అడ్డం తిరిగింది. అప్పుడు బండవైపే వాలాలి. కొత్తవాళ్లు భయంతో ఎగువకు వాలతారు, ఆ అంచు మునిగి పడవ బోల్తా పడుతుంది. మావాడూ అలాగే నీళ్లలో పడ్డాడు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలాడు. కానీ పడవకు దిగువన, బండకూ దానికీ మధ్యకు పోతున్నాడు. పడవలో 200 లీటర్ల నీళ్లు నిండితే 200 కిలోల బరువు మీదికొచ్చినట్టే.

వల తీస్తున్న ఒకన్న వల వదిలేసి తన పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) తిప్పుకొచ్చాడు. "పడవకు ఎగువకు రా తమ్మీ! నిలబడకు, కాళ్లు పైకి లేపు!" అని ఒకటే అరుపు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీటి ఒత్తిడికి మనిషి లేవలేడు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెడ్డు కొన అందించి, మెల్లగా ఒడ్డుకు లాగాడు. వణుకుతున్న పిల్లాడికి తన తువ్వాల కప్పాడు. కయాక్ బోర్లించి, ఒక కొన, తర్వాత రెండో కొన ఎత్తి నీళ్లన్నీ వంపేదాకా కదల్లేదు.

పైసలిస్తే ముట్టలేదు. "పైన జూరాల డ్యాం గేట్లు ఎత్తితే నీళ్లు పెరుగుతయి, అడిగి దిగుండ్రి" అన్నాడంతే.

అన్నా, మీకు శనార్తులు. వదిలేసిన వల ఖరీదు మేమిస్తాం, కాదనకండి. నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే 15 మీటర్ల తాడు కూడా మీ పుట్టిలో పెట్టిపోతాం.