ఊరూరా గోల్స్ అమ్ముకున్న రాయ్ ఓడోనవన్

న్యూకాజిల్, న్యూ సౌత్ వేల్స్

ఒరే సీనా,

ఎట్లున్నావు? నీ వాయిస్ మెసేజ్ విన్నా. సగం నువ్వు మాట్లాడితే సగం వెనక నుంచి మీ అక్క అరుస్తోంది. విషయం మాత్రం అర్థమైందిలే. మేనల్లుడు ఇంటర్ అయినాక ఎంసెట్ రాయనంటున్నాడు, ఫుట్‌బాలే నా బతుకు అంటున్నాడు. ఆర్డీటీ గ్రౌండులో వాడు కొట్టిన గోల్ వీడియో పంపి, "ఆస్ట్రేలియాలో మ్యాచులు చూస్తావు కదా, నువ్వే చెప్పప్పా" అన్నావు. ఫోన్లో చెబితే తెగే సంగతి కాదిది, అందుకే రాస్తున్నా. చానా పొడుగొస్తుంది, తీరిగ్గా చదువు.

మెస్సీ కథ, రొనాల్డో కథ వాడికి నోటికొచ్చు. వాటితో లాభం లేదు. వాడి గోడ మీద పోస్టరుగా ఎప్పటికీ ఎక్కని ఒకాయన కథ చెప్పు. పేరు రాయ్ ఓడోనవన్. ఐర్లండ్‌లో కార్క్ ఊరివాడు, 1985లో పుట్టాడు, ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు. మా ఊరి జట్టు న్యూకాజిల్ జెట్స్‌కు రెండు విడతలు ఆడాడు. దేశం తరఫున సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా పదిహేనేళ్లకు పైగా ఫుట్‌బాల్ జీతం మీదే బతికాడు. మీవాడు నిజంగా ఈ దారి పడితే, అదృష్టం బాగుంటే, వాడి బతుకు దాదాపు ఇట్లా ఉంటుంది. అదృష్టం బాగుంటేనే సుమా!

ఐర్లండ్ సంగతి మనకు అంతగా తెలియదు. అక్కడ జనం గుండెల్లో ఉండేది వాళ్ల సొంత ఆటలు, హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్. మనం ఫుట్‌బాల్ అనే ఆటకు అక్కడి లీగు చిన్నది, డబ్బు తక్కువ. అందుకే బాగా ఆడే పిల్లల్ని పదిహేను, పదహారేళ్లకే ఇంగ్లండ్ క్లబ్బులు ఎత్తుకుపోయేవి. బ్రెగ్జిట్ తర్వాత పద్దెనిమిది నిండితేగానీ కుదరదని రూలొచ్చింది గానీ, రాయ్ కాలంలో అడ్డేమీ లేదు. కుర్రతనంలోనే కొవెంట్రీ సిటీ అకాడమీకి పోయాడు. అట్లా పోయిన పిల్లల్లో ఎక్కువమంది ఇరవై దాటకముందే పెట్టె సర్దుకుని ఇంటికొస్తారు. రాయ్ కూడా వచ్చాడు. 2005లో కార్క్ సిటీలో చేరాడు.

ఇక్కడ కాలం కలిసొచ్చింది. ఆ ఏడాదే కార్క్ సిటీ ఫార్వర్డులు కెవిన్ డోయల్, షేన్ లాంగ్ ఇద్దరూ ఇంగ్లండ్ క్లబ్బు రెడింగ్‌కు వెళ్లిపోయారు. ఖాళీ ఏర్పడింది. ఆ ఏడాదే కార్క్ లీగ్ గెలిచింది, కుర్రాడు గోల్స్ మొదలుపెట్టాడు. ఇంటికి తిరిగొచ్చినవాణ్ని మళ్లీ ఇంగ్లండ్ పిలిచింది చూడు, అది చానా తక్కువమందికి జరుగుతుంది. 2007 ఆగస్టులో పిలిచింది మామూలు మనిషి కాదు, రాయ్ కీన్. ఆయనదీ కార్కే. మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్సీ చేసి, అప్పుడు సండర్‌లాండ్ మేనేజరుగా ఉన్నాడు. క్లబ్బు ఛైర్మన్ నియల్ క్విన్ కూడా ఐరిషే. జట్టు అప్పుడే ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కింది. అదే జట్టులో మైకేల్ చోప్రా ఉన్నాడు, తర్వాత మన కేరళ బ్లాస్టర్స్‌కు వచ్చాడే, ఆయనే. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇంట్లో అందరూ "మావాడు సెటిలైపోయాడు" అనుకునే ఘడియ అది.

ప్రీమియర్ లీగ్‌లో ఆయన ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఆ తర్వాత మొదలైంది లోన్ల కాలం. లోన్ అంటే ఏందో మీ అక్కకు చెప్పాలంటే డిప్యుటేషన్ అని చెప్పు. ఉద్యోగం ఒకచోట, పని ఇంకోచోట. సొంత ఆఫీసులో నీ కుర్చీ ఉందో లేదో తెలియదు, పోయినచోట నీది కాని కుర్చీ. డండీ యునైటెడ్ స్కాట్లండ్‌లో, బ్లాక్‌పూల్ పడమటి తీరంలో, సౌతెండ్ లండన్ దాటి తూర్పున, హార్ట్‌ల్‌పూల్ ఈశాన్యంలో. మ్యాపు తీసి చూపించు వాడికి. తర్వాత కుర్రతనంలో వదిలిపెట్టిన కొవెంట్రీకే మళ్లీ పోయాడు. అక్కణ్నుంచి ఎడిన్‌బరోలో హిబర్నియన్‌కు ఇంకో లోన్. ఆ తర్వాత నాలుగో డివిజన్‌లో నార్తాంప్టన్. ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా దిగిన మనిషి. ప్రతి ఊళ్లో కొత్త ఇల్లు, కొత్త కోచ్, కొత్త డిఫెండర్లు. ఒక ఫార్వర్డ్‌కు బంతి ఎట్లా కావాలో మిడ్‌ఫీల్డర్‌కు తెలియడానికే కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలల్లోనే గోల్స్ రావాలి, లేదంటే లోన్ ముగిసిపోతుంది. డిఫెండర్ పది మ్యాచుల్లో పేరు వినబడకుండా ఆడితే "భేష్, నమ్మకస్తుడు" అంటారు. ఫార్వర్డ్ అదే చేస్తే బెంచీ. ఈ ముక్క మాత్రం మీవాడికి గట్టిగా చెప్పు, ఎందుకంటే వాడు ఆడేది అదే చోటు.

ఇంతమట్టుకు కథ అయితే నీకు రాసే పనే లేదు. ఇట్లాంటివాళ్లు ఇంగ్లండ్‌లో వీధికొకరు. ఆయన మీద నాకు ఇష్టం ఎక్కడ మొదలైందంటే, ముప్పయ్యేళ్లు దగ్గరపడే వయసులో, ఇంటికి పోయి ఏదో ఒక క్లబ్బులో కాలం గడపకుండా, బ్రూనై బండెక్కాడు చూడు, అక్కడ. డీపీఎమ్ఎమ్ అని ఒక జట్టు. ఆ అక్షరాలకు అర్థం ఆ దేశపు యువరాజు బిరుదు. జట్టు ఆయనదే, ఒకప్పుడు ఆయనే గోల్‌కీపర్‌గా ఆడాడు కూడా! కీపరును మార్చమని ఏ కోచ్ నోరెత్తగలడు చెప్పు. ఇంకో తమాషా, ఆ జట్టు బ్రూనైది గానీ అప్పట్లో ఆడింది సింగపూర్ లీగ్‌లో. అంటే బయటి మ్యాచ్ అన్నప్పుడల్లా విమానం. కార్క్‌లో వానలో పెరిగినవాడు, మద్యం అమ్మని దేశంలో, రాత్రి ఎనిమిదింటికి కూడా ఒళ్లు చెమటతో కారే చోట పరుగెత్తాడు. 2014లో బ్లాక్‌బర్న్ పాత మేనేజర్ స్టీవ్ కీన్ చేతికింద ఆ జట్టు సింగపూర్ లీగ్ కప్పు గెలిచింది, లీగ్‌లో రెండో స్థానం.

తర్వాత ఇండోనేషియా. మిత్ర కుకార్ అనే క్లబ్బు, బోర్నియో దీవిలో మహకం నది ఒడ్డున తెంగరాంగ్ అనే ఊరు. ఇక్కడ వినాల్సిన ముక్క ఒకటుంది. 2015లో ఆ దేశపు క్రీడాశాఖకూ ఫుట్‌బాల్ సంఘానికీ తగాదా ముదిరి లీగ్ మధ్యలోనే ఆగిపోయింది. మే నెలాఖర్లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా ఆ సంఘాన్నే సస్పెండ్ చేసింది. ఆయన తప్పేముంది అందులో? ఏమీ లేదు. సీజన్ మొదలై నెల తిరక్కుండానే ఆడటానికి లీగే లేదు. మీ అక్క భయపడేది మోకాలు విరుగుతుందని కదా, మోకాలు బాగున్నా లీగే విరిగిపోవచ్చని కూడా లెక్కలో పెట్టుకోమను.

అక్కణ్నుంచి మా వైపు వచ్చాడు. ముందు సెంట్రల్ కోస్ట్ మారినర్స్. గోస్‌ఫర్డ్ అనే చిన్న ఊరు, సముద్రపు పాయ పక్కనే స్టేడియం, ఒక చివర తాటిచెట్లలాంటి పామ్ చెట్లు, గోల్ వెనక ఆకాశమంత టమాటా సాస్ సీసాలు. నవ్వకు, నిజంగానే! 2015–16లో ఆ జట్టు 27 మ్యాచుల్లో 70 గోల్స్ ఇచ్చుకుని అట్టడుగున నిలిచింది. అట్లాంటి జట్టులో ఫార్వర్డ్‌గా ఆడటమంటే, బంతి నీ దగ్గరికి రావడమే పండగ. అయినా వచ్చినప్పుడల్లా వదల్లేదు. అక్కడే ఒక డిఫెండర్‌ను తలతో కొట్టి పెద్ద నిషేధం కూడా తెచ్చుకున్నాడు. ఆయన కోపిష్టి. దాచేదేముంది.

2017లో గంట దూరంలో ఉండే పగవాళ్ల జట్టుకు, అంటే మా జెట్స్‌కు వచ్చాడు. ముందు ఏడాది మావాళ్లు ఆఖరి స్థానం. కొత్త కోచ్ ఎర్నీ మెరిక్ వచ్చాడు, ఒక్క ఏడాదిలో జట్టు రెండో స్థానానికి ఎగబాకింది. మోహన్ బగాన్‌లో నువ్వు మెచ్చుకునే దిమిత్రి పెట్రాటోస్ కూడా అప్పుడు ఈ జట్టులోనే. ఆ ఏడాది రాయ్ ఆటను నేను గ్రౌండులో దగ్గర్నుంచి చూశా. టీవీలో కనబడని పని అంతా అప్పుడు కనబడింది. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు కూడా ఆయన ఊరికే నిలబడడు. డిఫెండర్ వీపుకు భుజం ఆనించి ఉంటాడు. క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి, వచ్చే ముందు రెండడుగులు వెనక్కి, ఇక ఈయన రావడంలేదు అనుకునేట్టు. డిఫెండర్ తల తిప్పి బంతి వైపు చూస్తాడు చూడు, ఆ క్షణంలో దగ్గరి పోస్టుకు దూకుతాడు. పది క్రాసులకు పదిసార్లు దూకుతాడు. తొమ్మిదిసార్లు బంతి రాదు. చేతులు ఎగరేసి, రిఫరీని తిట్టి, మళ్లీ వెనక్కి రెండడుగులు.

2018 మే 5, ఆస్ట్రేలియా లీగ్ గ్రాండ్ ఫైనల్, మా ఊళ్లోనే. సెమీఫైనల్‌లో మావాడు రైలీ మెక్‌గ్రీ తేలులాగా వెనక కాలితో కొట్టిన గోల్ అప్పటికే ప్రపంచమంతా తిరుగుతోంది. స్టేడియం నిండా జనం, 29 వేలకు పైనే. ఎదురుగా మెల్‌బోర్న్ విక్టరీ. తొమ్మిదో నిమిషంలో కోస్టా బార్బరూసెస్ గోల్ కొట్టాడు. బంతిని అందించిన డొనాకీ ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు, అంటే ఆ గోల్ చెల్లకూడదు. చూడాల్సిన వీడియో రిఫరీ ఏం చేస్తున్నట్టు? సరిగ్గా ఆ ఘడియలోనే ఆయన తెరకు ఆ కెమెరా దృశ్యాలు రాలేదు, సాఫ్ట్‌వేర్ మొరాయించింది. ఫెడరేషనే తర్వాత ఒప్పుకుంది. గోల్ మాత్రం గోలే. మా పక్కన కూచున్న ముసలాయన ఫోన్లో రీప్లే చూసి, నాకు చూపించి, మళ్లీ చూసి, ఇంక ఏం మాట్లాడలేదు. మిగిలిన ఆటంతా మావాళ్లు సమం చేయడానికి తంటాలు పడ్డారు, కాలేదు.

తొంభై నిమిషాలు దాటి ఇంజురీ టైమ్ నడుస్తోంది. విక్టరీ పెనాల్టీ బాక్సులోకి గాల్లో బంతి పడుతోంది. కీపర్ లారెన్స్ థామస్ ముందుకొచ్చాడు. రాయ్ పరుగెత్తి కాలు ఎత్తి ఎగిరాడు. బంతికి కాదు, కీపర్ మొహానికి తగిలింది బూటు. రెడ్ కార్డు, తర్వాత పది మ్యాచుల నిషేధం. ముప్పై రెండేళ్ల వయసు. అంత పెద్ద ఫైనల్ ఆయనకు ఇట్లా ముగిసింది. ఈరోజుకీ ఆయన పేరు వెతికితే ముందు వచ్చేది ఆ బూటే.

దాన్ని నేను సమర్థించను. కీపర్ కన్ను పోయుండేది. ఆయన కూడా తర్వాత క్షమాపణ చెప్పాడు. కానీ ఒక్కమాట నీకు మాత్రమే చెబుతున్నా. తొమ్మిది క్రాసులు రాకపోయినా పదోదానికి దూకే ఆ మొండితనమే ఆయనకు ఇంగ్లండ్ నాలుగో డివిజన్ నుంచి బ్రూనై దాకా, బోర్నియో నుంచి ఇక్కడి దాకా అన్నం పెట్టింది. ఆ రాత్రి ఎగిరిన కాలూ అదే మొండితనం. అందులో మంచి సగం ఉంచి చెడ్డ సగం తీసెయ్యమంటే ఎట్లా? కోచులు చాలామంది ప్రయత్నించే ఉంటారు.

నిషేధం తీరాక మళ్లీ వచ్చి జెట్స్‌కు ఆడాడు. తర్వాత బ్రిస్బేన్ రోర్, అక్కడ కోచ్ లివర్‌పూల్ పాత ఫార్వర్డ్ రాబీ ఫౌలర్. తర్వాత మళ్లీ మా ఊరికే. ఈ లోపల ఆయన మొదటి క్లబ్బు కార్క్ సిటీ అప్పుల్లో మునిగి 2010లో మూతపడితే, అభిమానులే పూనుకుని మళ్లీ నిలబెట్టుకున్నారు. ఆటగాడి కన్నా క్లబ్బే ముందు కూలిపోయింది, చూశావా.

ఇప్పుడు మీవాడి సంగతి. వద్దని నేను చెప్పను, ఆడమనీ చెప్పను. ఎంసెట్ మాత్రం రాయమను, పరీక్ష మూడు గంటలే కదా, కాళ్లేం అరగవు. నువ్వు పంపిన వీడియోలో గోల్ బాగుంది. కాకపోతే అది ఇరవై సెకన్లు. నాకు వాడు ఆడిన ఒక మ్యాచ్ మొత్తం తీసి పంపు, కెమెరా బంతి మీద కాదు, వాడి మీదే పెట్టు. బంతి దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో, పాస్ రాకపోతే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడా, మళ్లీ పరుగెత్తుతున్నాడా చూడాలి. ఓడిపోయిన మ్యాచ్ అయితే ఇంకా మంచిది.

అక్కను అడిగానని చెప్పు. నా మీద కోపం తగ్గినాకనే చెప్పు.

నీ
రమణ