పిల్లల మదుపు వాళ్ల పేరునే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో పీయూసీ (మన ఇంటర్) పిల్లలు షేర్ల గురించి వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటున్నారు. చాలా మంచిది. కానీ తండ్రి డీమ్యాట్ ఖాతాలో (షేర్లు ఉంచుకునే ఖాతా), ఆయన ఫోన్‌లో కొననివ్వడం తప్పు. పన్ను లెక్కల్లో ఆ లాభనష్టాలు ఆయనవే. పైగా ఆ యాప్‌లో ఆప్షన్లూ (ధర పెరుగుతుందో తగ్గుతుందో ఊహించి చేసే రిస్కు ఒప్పందాలు) అందుబాటులోనే ఉంటాయి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది.

మైనర్ పేరుతోనే మ్యూచువల్ ఫండ్ ఫోలియో (ఫండ్ ఖాతా) తెరవండి. జనన ధ్రువపత్రం, గార్డియన్‌గా తల్లి లేదా తండ్రి పాన్, కేవైసీ (గుర్తింపు, చిరునామా ధ్రువీకరణ), పిల్లల పేరిట బ్యాంకు ఖాతా కావాలి. డబ్బు తల్లిదండ్రుల ఖాతా నుంచి కట్టొచ్చు. యూనిట్లు (ఫండ్‌లో మన వాటాలు) అమ్మితే మాత్రం డబ్బు పిల్లల ఖాతాలోనే పడుతుంది. ఎక్కువగా తేడా కొట్టేది పేరు దగ్గరే. మన ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరోదాంట్లో పూర్తిగా ఉంటుంది. ముందే సరిచేయించుకోండి.

ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఫండ్) నెలకు 500 రూపాయల సిప్ (నెలనెలా కట్టే వాయిదా) చాలు. డైరెక్ట్ (ఏజెంటు కమీషన్ లేని), రెగ్యులర్ (కమీషన్ ఉండే) ప్లాన్ల ఖర్చు తేడాను పిల్లల చేతే లెక్క వేయించండి.

18 నిండగానే సిప్ ఆగిపోతుంది. పాన్‌లో ఫొటో, సంతకం చేర్పించి, కేవైసీ పూర్తిచేసి, ఫోలియోను మేజర్‌గా మార్పించేదాకా అమ్మడమూ కుదరదు. ఆ డబ్బునే కాలేజీ ఫీజుకు నమ్ముకున్నవాళ్లు సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) హడావుడికి ముందే ఈ పని మొదలుపెట్టాలి.

ఈ వివరాలను మీ విద్యా పేజీలో తెలుగులో ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు