పేదల ఇళ్లకు ఉచితంగా తెల్లపూత వేయండి, పద్ధతిగా వేయండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది. 2028 నాటికి హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధిలో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల పైకప్పులు ఎండను తిప్పికొట్టేలా మారాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. 600 గజాలకు తక్కువైతే ఇంటివాళ్ల ఇష్టానికి వదిలేశారు. 60 గజాల్లో సిమెంటు రేకుల కింద బతికే కుటుంబానికి ఇష్టం లేక కాదు, చేతిలో పది వేలు లేక ఆ పని జరగడం లేదు. అలాంటి చిన్న ఇళ్లకు, రేకులవైనా స్లాబువైనా, ప్రభుత్వమే ఉచితంగా పూత వేయించాలి. ఆ పని ఎలా చేస్తే నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో కూడా ముందే తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

వేసవి మధ్యాహ్నం కప్పు మీద చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. 400 చదరపు అడుగుల కప్పు అంటే 37 చదరపు మీటర్లు. మాసిన సిమెంటు రేకైనా, నల్లబడ్డ స్లాబైనా అందులో 70 శాతం దాకా పీల్చుకుంటుంది. లెక్క కడితే 26 కిలోవాట్లు. ఇంటి నెత్తిన 26 ఇస్త్రీపెట్టెలు ఒకేసారి కాగుతున్నట్టు. కొత్త తెల్లపూత దాదాపు 80 శాతం ఎండను వెనక్కి పంపుతుంది. అప్పుడు కప్పు పీల్చేది 7 కిలోవాట్ల పైచిలుకు మాత్రమే.

అలాగని ఇల్లు ఏసీ గదిలా మారిపోదు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండే డిగ్రీలా అని తీసిపారేయకూడదు. గాలి వేడి చర్మం వేడిని దాటాక ఫ్యాను చెమట ఆరబెట్టినంత మేరకే పనికొస్తుంది. అక్కడ ఒక్కో డిగ్రీకీ విలువ ఉంటుంది. పైగా రేకు నుంచి నేరుగా తల మీదికి కొట్టే సెగ మామూలు థర్మామీటరుకు సరిగా అందదు. మంచం మీద పడుకున్న బాలింతకు, ముసలివాళ్లకు తెలుస్తుంది.

రేకుల ఇంటికీ స్లాబు ఇంటికీ మందు ఒకటి కాదు. రేకు పలచన కాబట్టి ఎండ ఎక్కగానే కాలుతుంది, పొద్దు వాలగానే చల్లారుతుంది. బీడీలు చుట్టేవాళ్లు, ఇంట్లో మిషను కుట్టుకునేవాళ్లు పగలంతా ఆ కిందే ఉంటారు. స్లాబు అలా కాదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం మింగిన వేడిని సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూ ఉంటుంది. చిన్న గదిలో కిటికీ ఒక్కటే ఉంటే రాత్రి నిద్ర ఉండదు. అందుకే స్లాబు ఇంటికి తెల్లపూతతో పాటు రాత్రి పూట వేడి గాలి బయటికి పోయే దారి కావాలి. పైన మూసేసిన వెంటిలేటర్లు తెరిచి దోమతెర కొట్టడం పూతలో భాగంగానే చేయాలి. పెంకుటిళ్లనూ మట్టి మిద్దెలనూ ఈ పథకంలోకి లాగవద్దు. వాటికి కావలసింది పగిలిన పెంకు మార్చడం, మిద్దె మీద మన్ను సరిచేయడం.

ఇక పూత పని. స్లాబు మీద మొదట చూడాల్సింది రంగు డబ్బా కాదు, వాటం. వానకు ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఇంటివాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ సిమెంటుతో వాటం సరిచేసి నీళ్లు గొట్టం వైపు పోయేలా చేయాలి. నిలిచిన నీళ్ల కింద ఏ పూతా బతకదు. పాకుడు గీకి, బ్లీచింగ్ నీళ్లతో తోమి కడగాలి. వెంట్రుకవాసి పగుళ్ల మీద పూతతోనే ఫైబర్ జాలీ అతికిస్తే చాలు. అంతకంటే పెద్ద పగుళ్లను ఉలితో వి ఆకారంలో తెరిచి పాలిమర్ కలిపిన సిమెంటు నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో గుండ్రంగా సిమెంటు తీర్చాలి. నీళ్లు దిగే చోటు ఎక్కువగా అదే.

తర్వాత తేమ పరీక్ష. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో స్లాబుకు అంటించి రాత్రంతా ఉంచాలి. పొద్దున కింద నీటి చుక్కలు కనిపిస్తే స్లాబు ఇంకా తడిగా ఉన్నట్టే. ఆ తడి మీద పూత వేస్తే మొదటి ఎండకే పొక్కులు లేస్తాయి. కొత్తగా పోసిన స్లాబైతే కనీసం 28 రోజులు ఆగాలి.

పూతను సగానికి సగం నీళ్లు కలిపి మొదటి చేతిగా పూయాలి. అది ప్రైమరు. ఆపైన నీళ్లు కలపకుండా రెండు కోట్లు, మధ్యలో నాలుగు నుంచి ఆరు గంటల విరామం. మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. అలా అయితే వదిలేసిన చోట్లు ఉండవు. రబ్బరులా సాగే ఎలాస్టోమెరిక్ రకం పూత రెండు కోట్లకు లీటరుకు 20 నుంచి 25 చదరపు అడుగులే వస్తుంది. అంటే 400 చదరపు అడుగుల ఇంటికి 20 లీటర్ల బకెట్ ఒకటి పూర్తిగా ఖర్చు కావాలి. కాంట్రాక్టులో మోసం జరిగేది ఇక్కడే. ఒక బకెట్‌ను నీళ్లతో పెంచి మూడు ఇళ్లకు సర్దుతారు. ఆ రోజు మూడు కప్పులూ తెల్లగానే ఉంటాయి. రెండో వానాకాలానికి సున్నంలా రాలిపోతాయి. ఫొటోలు చూసి బిల్లు పాస్ చేస్తే ఇది బయటపడదు. ఇంటింటికీ సీలు తీయని బకెట్ ఇంటివాళ్ల ఎదుట తెరవాలి, ఖాళీ బకెట్ వాళ్ల దగ్గరే ఉంచాలి. నీళ్లు పట్టుకోవడానికి పనికొస్తుందని వాళ్లు భద్రంగా దాచుకుంటారు, తనిఖీకి వచ్చినవాళ్లకు లెక్క దొరుకుతుంది.

సిమెంటు రేకుల విషయంలో మా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. పాతవి చాలామటుకు ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులు. వాటిని పొడిగా గీకడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం, ప్రెషరు పంపుతో కడగడం, కొత్తగా రంధ్రాలు వేయడం ఏదీ చేయకూడదు. కంటికి కనబడని ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. నీళ్లు చల్లి, తడి ఆరకముందే నైలాన్ బ్రష్షుతో మెల్లగా నాచు తీయాలి. మనుషులు పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు పెట్టుకోవాలి, తీసిన బురదను తడిగానే సంచిలో మూట కట్టాలి. తాగునీటి డ్రమ్ములు, వండిన గిన్నెలు ముందే పక్కింటికి తరలించాలి. ఇంకో ప్రమాదం అడుగు కింద ఉంది. ఎండకు పెళుసైన రేకు మనిషి బరువు ఆపదు. రేకు విరిగి కింద పడితే ప్రాణమే పోవచ్చు. దూలాల మీద ఆనేలా అడ్డంగా పలకలు వేసి, వాటి మీదే కూర్చుని పూత వేయాలి. వీలైనంత మేర నిచ్చెన మీద నుంచే పొడవు కర్ర రోలరుతో పూర్తి చేయడం ఇంకా మంచిది. ముక్కలుగా విరిగిన రేకును పూతతో కప్పవద్దు, మార్చాలి.

ఇనుప రేకు మెరుస్తుంది కదా, దానికి పూత ఎందుకని అడుగుతారు. మెరిసే లోహం ఎండను కొంత తిప్పికొట్టినా, పీల్చిన వేడిని తిరిగి ఆకాశానికి వదలదు. అందుకే ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దుకాణాల్లో అమ్మే వెండి రంగుదీ అదే కథ. తెల్లపూత ఈ రెండు పనులూ చేస్తుంది. పథకం కొనుగోలు జాబితాలో వెండి రంగు ఉండకూడదు.

డబ్బు చాలకపోతే సున్నం తక్కువది కాదు. అహ్మదాబాద్‌లో 2017లో 3000 ఇళ్ల కప్పులకు తెల్లసున్నమే వేశారు. రాళ్ల సున్నాన్ని డ్రమ్ములో నీళ్లు పోసి ఒక రాత్రి చల్లారనివ్వాలి. ఉడికేటప్పుడు చిమ్మి కంట్లో పడితే చూపు పోతుంది కాబట్టి అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి చేయాలి. గుడ్డలో వడగట్టి, 5 కిలోల సున్నానికి 10 లీటర్ల నీళ్లు, అర కిలో ఫెవికాల్ కలిపి రెండు మూడు చేతులు పూయాలి. ఖర్చు చదరపు అడుగుకు ఐదు రూపాయలు దాటదు. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. ఏటా వేయిస్తామని రాసిపెడితేనే సున్నం ఎంచుకోవాలి. లేదంటే ఒక్క వేసవితో సరి.

తెల్లపూత కూడా దుమ్ముకు మాసి మొదటి ఏడాదిలోనే కొంత శక్తి కోల్పోతుంది. ఏటా శివరాత్రి నాటికి నీళ్లతో ఒకసారి తోమితే చాలా మేర తిరిగొస్తుంది. మిరపకాయలు ఎండబోసేది, వడియాలు పెట్టేది, రాత్రి పడుకునేది డాబా మీదే కాబట్టి నడిచే చోట పూత త్వరగా అరిగిపోతుంది. అక్కడ తెల్ల టైలు ముక్కలు పరిస్తే పదేళ్లకు పైగా నిలుస్తాయి. అయితే పైన మరో అంతస్తు వేయాలని చువ్వలు వదిలి ఉంచిన ఇంటికి టైల్స్ దండగ, పూత చాలు. కప్పు కింద ఏదైనా కొట్టాలనుకునేవాళ్లు థర్మోకోల్ జోలికి పోవద్దు. ఒకే గదిలో గ్యాస్ పొయ్యి వెలిగే ఇంట్లో అది చేజేతులా నిప్పు పెట్టుకున్నట్టే. మెరిసే అల్యూమినియం పొర ఉన్న షీటు కొడితే రేకుకు అతికించకుండా కనీసం అంగుళం ఖాళీ వదలాలి. ఖాళీ లేకపోతే అది రేకులో భాగమై కాలుతుంది.

ఇళ్లకు ఉచితంగా ఇలాంటి పని చేసే పెద్ద పథకం అమెరికాలో 1976 నుంచి ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకు చలి, వేడి చొరబడకుండా అక్కడి ఇంధన శాఖ నిధులతో ఇన్సులేషన్ వేస్తారు. పనికి ముందు ఇంటిని పరీక్షించడం, పని అయ్యాక వేరే మనిషి వచ్చి తనిఖీ చేయడం అక్కడి నుంచి మనం నేర్చుకోవలసినవి. అక్కడి ఇబ్బంది కూడా మనకు పాఠమే. కప్పు కారుతోంది, గోడ చెమ్మగా ఉంది అన్న కారణంతో అసలు అవసరమైన ఇళ్లనే వాయిదా వేయాల్సి వస్తోంది, ఎందుకంటే మరమ్మతుకు ఆ నిధులు సరిపోవు. మన పథకంలో పూత ఖర్చుతో పాటు ఇంటికి రెండు మూడు వేలు మరమ్మతుకు విడిగా పెట్టకపోతే మనకూ అదే జరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ల కొలబద్ద మనకు పనికిరాదు. పెట్టిన డబ్బుకు తగిన ఇంధనం ఆదా అవుతుందా అని వాళ్లు చూస్తారు. ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉన్న ఇంట్లో పూత వేశాక కరెంటు ఏం ఆదా అవుతుంది? కూలరు ఉన్న ఇంట్లో కొంత తగ్గినా, 200 యూనిట్ల దాకా గృహజ్యోతి కింద ఉచితమే కాబట్టి ఆ మిగులు ప్రభుత్వానికే చేరుతుంది. ఇక్కడ కొలవాల్సింది లోపలి వేడిని. బస్తీకి ఐదు ఇళ్లలో, పూత వేయని పక్క ఇళ్లలో ఒకే రోజు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు గది ఉష్ణోగ్రత, కప్పు అడుగు ఉష్ణోగ్రత రాసుకోవాలి. నిన్నటి ఎండనూ ఈరోజు మబ్బునూ పోల్చి చూపే లెక్కలు చెల్లవు.

లబ్ధిదారుల ఎంపికలో పట్టా అడిగితే బస్తీల్లో సగం మంది బయటే ఉంటారు. నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లే అక్కడ ఎక్కువ. ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో చాలనాలి. అద్దెకిచ్చిన ఇల్లయితే మూడేళ్లు అద్దె పెంచనని యజమాని సంతకం తీసుకోవాలి. లేకపోతే చల్లబడిన ఇంట్లోంచి కిరాయిదారే ముందు బయటికి పోతాడు. పని మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) పరిధిలోని మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చి అప్పగించవచ్చు. తమ బస్తీలో తామే వేసిన పూతకు జవాబు చెప్పుకునేది వాళ్లే.

పని కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వేయాలి. మార్చి నెలాఖరులో నిధులు విడుదలై, ఏప్రిల్‌లో టెండరు పిలిచి, మే ఎండలో రోలరు పట్టుకుంటే పైపొర క్షణంలో ఎండి అడుగు పచ్చిగా ఉండిపోతుంది. ఆ వేసవి ఎలాగూ దాటిపోతుంది. కాబట్టి టెండర్లు దసరాలోపే పూర్తి కావాలి. ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ఇచ్చే ఇందిరమ్మ ఇళ్లకైతే వేరే టెండరు కూడా అక్కర్లేదు. చివరి విడత బిల్లుకు ముందు తెల్లపూత వేసి ఉండాలని, దానికి అదనంగా ఇంత ఇస్తామని ఒక్క ఉత్తర్వు చాలు.

ఖర్చు రకాన్ని బట్టి కూలితో కలిపి చదరపు అడుగుకు 20 నుంచి 40 రూపాయలు. 400 అడుగుల ఇంటికి ఎక్కువలో ఎక్కువ 16 వేలు. వడదెబ్బను తెలంగాణ 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల పరిహారం నిర్ణయించింది. అది మంచి నిర్ణయం. ఆ 4 లక్షలతో 25 కుటుంబాల కప్పులు ముందే చల్లబరచవచ్చు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడగాడ్పులకు పోయారు. అక్కడి ప్రభుత్వానికీ ఇదే మా విన్నపం.

పని ముగిసిన ఇంటికి ఒక కార్డు ఇవ్వాలి. ఏ రకం పూత, ఎన్ని లీటర్లు, ఏ తేదీన, ఎవరు వేశారు, ఎన్నేళ్ల హామీ, పొక్కులు లేస్తే ఎవరికి చెప్పాలి అన్నవి తెలుగులో రాసి, మేస్త్రీ సంతకం, ఇంటి ఆమె సంతకం రెండూ ఉండాలి.

ఇట్లు,
పైకప్పుల పనిలో ఉన్న కొందరు ఇంజినీర్లు, మేస్త్రీలు
హైదరాబాద్