రేబిస్ టీకాతోనే సరిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులపై అవగాహన దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తున్నారు. మంచి పని. కానీ ఆ క్యూలో నిలబడేవాళ్లలో చాలామంది ఏడాది మొత్తమ్మీద ఆస్పత్రి గడప తొక్కేది ఆ ఒక్కరోజే. మూతి కట్టి పట్టుకుంటారు, సూది పడుతుంది, ఇంటికెళ్లిపోతారు. పశుసంవర్ధక శాఖ అదే రోజు బరువు తూచే యంత్రం ఒకటి పెట్టించి, కార్డులో బరువు, చిగుళ్ల రంగు రాయిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. రేబిస్ టీకా ఆపేది రేబిస్‌ను మాత్రమే. మిగతా జబ్బులను చేత్తో తడిమి, కళ్లతో చూసి పట్టుకోవాల్సిందే.

మామూలు పరీక్షకు పావుగంట చాలు. బరువు తూచాలి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి వేడి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే, దాన్ని మన లెక్కన జ్వరం అనుకోకూడదు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. దవడ కింద, మోకాలి వెనక గ్రంథులు, గుండె చప్పుడు, చెవులు, పళ్ల గార, ఆడకుక్కకైతే చనుమొనల వరసలో గడ్డలు కూడా చూడాలి. ఇవేవీ చూడకుండా పంపించేస్తుంటే యజమానే అడగాలి, మొహమాటం అక్కర్లేదు.

మన వాతావరణంలో ముందుగా అనుమానించాల్సింది గోమార్ల (పిడుదుల) జ్వరాన్ని. ఎర్లీషియా అనే సూక్ష్మక్రిమి గోమారు కాటుతో రక్తంలో చేరుతుంది. మొదట కొన్నాళ్లు జ్వరం వస్తుంది, తిండి తగ్గుతుంది. తర్వాత మందు వేయకపోయినా తగ్గినట్టే ఉంటుంది. అసలు మోసం ఇక్కడే. కుక్క నెలల తరబడి హుషారుగా తిరుగుతుంటే లోపల ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. ముక్కులోంచి రక్తం కారాక తెస్తే అప్పటికే ఎముక మజ్జ దెబ్బతిని ఉండొచ్చు. ఏడాదికోసారి రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల లెక్క చూస్తే ముందే అనుమానం వస్తుంది. మందుల కోర్సు సాధారణంగా నాలుగు వారాలు. లేచి తిరుగుతోందని వారానికే ఆపేస్తే తిరగబెడుతుంది. గోమార్లు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి, ఒంటికి మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కిరసనాయిలు మాత్రం పూయకండి. చర్మం కాలుతుంది, నాకితే విషం.

ఏడేళ్లు దాటిన కుక్కకు ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించాలి. కిడ్నీల శక్తి దాదాపు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) పెరగదు, మూత్రం చిక్కదనం అంతకన్నా ముందే తగ్గుతుంది. ఇంట్లో చేయగలిగిన పని నీళ్లు కొలిచి పెట్టడం. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే, అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్ల పైన తాగుతుంటే, ఆగకుండా తీసుకురండి.

కుక్కపిల్లల విషయంలో తరచూ జరిగే పొరపాటు రెండు డోసులతో టీకాలు ఆపేయడం. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. అది ఎప్పుడు పోతుందన్నది ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా వేయాలి. చివరి డోసు ఎగ్గొట్టిన పిల్లలకు పార్వో (వాంతులు, రక్తవిరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) ముప్పు అలాగే ఉంటుంది. నట్టల మందు బరువును బట్టి ఇవ్వాలి. చాలా మాత్రలు 10 కిలోలకు ఒకటి లెక్కన ఉంటాయి. ఉజ్జాయింపుగా సగం వేస్తే నట్టలు చావవు.

పరీక్షకు వచ్చేటప్పుడు టీకా కార్డు, ఆ రోజు మలం చిన్న డబ్బాలో, దగ్గో కుంటడమో ఉంటే ఫోన్లో తీసిన వీడియో తెండి. ఆస్పత్రి బల్ల మీద భయంతో చాలా జంతువులు ఆ లక్షణం చూపించవు.

పిల్లులు జబ్బును మరీ దాచుకుంటాయి, వాటినీ ఏడాదికోసారి చూపించాలి. మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. దారి మూసుకుపోయి ఉంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. కుక్కల మీద గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాయకూడదు. మనం వాడే పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు.

– ఒక పశువైద్యుడు, హనుమకొండ