ఎత్తిన పిస్టల్ దించడం గురించి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. "ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్‌లో 600కి 572 కొట్టేవాణ్ణి, మ్యాచ్‌లో 556 ఏంట్రా, ఇక నా వల్ల కాదు" అన్నావు చూడు, ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. అప్పటికి ఏదో ఓదార్చాను గానీ, చెప్పాల్సింది చెప్పలేకపోయాను. ఇలాంటివి ఫోన్‌లో హడావిడిగా చెబితే గాలికి పోతాయి. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు.

ముందుగా ఒక మాట. ఆకురాయి ముట్టుకోకు. మ్యాచ్ పోయిన ప్రతిసారీ నువ్వు పిస్టల్ గ్రిప్ (పిడి) మీద పడతావు. ఇక్కడ కొంచెం అరగదీసి, అక్కడ కొంచెం పుట్టీ పెట్టి, నెల తిరిగేసరికి అది నీ చేతికే కొత్తదైపోతుంది. నీ గ్రిప్ బాగానే ఉంది. నిలబడే తీరు బాగానే ఉంది. పక్క లేన్‌లో రెండేళ్లు నిలబడినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు.

మ్యాచ్‌లో ఎన్నిసార్లు షాట్ కొట్టకుండా పిస్టల్ దించావని అడిగితే నువ్వేమన్నావో గుర్తుందా? "మొత్తం మీద రెండుసార్లో మూడుసార్లో" అన్నావు. అరవై షాట్లకి! గచ్చిబౌలి రేంజ్‌లో మనం కలిసి ప్రాక్టీస్ చేసినప్పుడు ఒక్కో సిరీస్‌లోనే, అంటే పది షాట్లలోనే, మూడు నాలుగుసార్లు దించేవాడివి. ఎత్తేవాడివి, సైట్లు, అంటే పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే గురి గుర్తులు, కుదరలేదనిపిస్తే మారు మాట్లాడకుండా టేబుల్ మీద ఆన్చేవాడివి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తేవాడివి. మ్యాచ్‌లో ఆ పని మానేశావు. నీ పదహారు పాయింట్లూ అక్కడే పోయాయని నా గట్టి నమ్మకం.

నాకెలా తెలుసంటావా, నేనూ అదే గుంతలో పడ్డాను గనక. రెండేళ్ల కిందటి మ్యాచ్ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మొదటి అయిదు సిరీస్‌లు 96, 95, 97, 96, 95. మొత్తం 479. స్కోర్ చూడకూడదనుకుంటూనే చూశాను, చూడగానే కూడికలు మొదలయ్యాయి. ఇంకో 94 వస్తే 573. నా జీవితంలో అదే పెద్ద స్కోర్. ఆ క్షణం నుంచి బుర్రలో పిస్టల్ లేదు, 573 అనే అంకె ఒక్కటే ఉంది. చివరి సిరీస్‌లో మొదటి నాలుగూ 10, 9, 10, 9. అయిదోదానికి చెయ్యెత్తాను. సైట్ బాగానే కుదిరింది, కానీ వేలు కదల్లేదు. ఇంకొంచెం నిలకడగా ఉంటే కొడదామని ఆగాను. ఆరు సెకన్లు, ఎనిమిది, పది. భుజంలో సన్నగా వణుకు మొదలైంది. కళ్ల ముందు సైట్ అంచులు అలుక్కుపోతున్నాయి. దించెయ్, దించెయ్ అని లోపల్నుంచి ఎవరో చెబుతూనే ఉన్నారు. నేను దించలేదు. నల్లటి వృత్తం సైట్ మీదికి సరిగ్గా వచ్చినట్టనిపించిన క్షణాన "ఇప్పుడే!" అనుకున్నాను, అంతే, పిడికిలంతా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. 7. ఆ తర్వాత 8, 9, 8, 9, 9. ఆ సిరీస్ 88, మొత్తం 567.

బయటికొచ్చి కుర్చీలో కూలబడ్డాక గుర్తొచ్చింది. ఆ 7 కొట్టినప్పుడు గడియారంలో ఇంకా 22 నిమిషాలున్నాయి. దించి మళ్లీ ఎత్తి ఉంటే పోయేది అర నిమిషం. చేతిలో 22 నిమిషాలు పెట్టుకుని అర నిమిషానికి భయపడ్డానన్నమాట. ఆ రాత్రంతా ఆలోచించాను, ఎందుకు దించలేకపోయానా అని.

60 షాట్లకి 75 నిమిషాలు, అంటే ఒక్కో షాట్‌కి 75 సెకన్లు. మంచి షాట్‌కి ఎత్తడం నుంచి ఫాలో త్రూ (కొట్టాక కూడా కాసేపు అలాగే పట్టి ఉంచడం) దాకా పట్టేది పదిహేను సెకన్లలోపే. కాబట్టి సమయం చాలదన్నది కారణం కాదు. ఒకటి, "మళ్లీ ఎత్తితే ఇంత బాగా కుదరదేమో" అన్న అనుమానం. రెండోది, వెనక నిలబడి చూసేవాళ్లు భయపడుతున్నాడనుకుంటారేమోనని మొహమాటం. మూడోదే అసలైనది. ఆ షాట్‌లోంచి ఎలాగోలా బయటపడాలన్న తొందర. టెన్షన్‌లో నిలబడి ఉండటం కంటే కొట్టేసి బయటపడటమే తేలికనిపిస్తుంది. 7 అయినా పర్వాలేదు, ముందు ఈ బాధ తీరిపోవాలి అంటుంది మనసు. ఇది నీ మ్యాచ్‌లో ఒక్కసారైనా జరగలేదని చెప్పు, ఈ ఉత్తరం చించెయ్.

ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు ఊరికే అనలేదు. సైట్ కుదిరాక నాలుగు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్లాలి. నా చేతికి అదే కొలత, నీకు కొంచెం అటూఇటూ కావచ్చు. అది దాటితే కండరం అలుస్తుంది, కన్ను మోసం చేస్తుంది. చెడిన సైట్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

కన్ను అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడలేదని విని పెరిగాం కదా. మనకి ఆ కథే అడ్డం పడుతుంది బావా. పిస్టల్‌లో చూడాల్సింది పిట్ట కన్ను కాదు, ముందు సైట్. టార్గెట్ మసకగా ఉండాలి. లెక్క వేసి చూడు. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. ముందు సైట్ వెనక గాడిలో ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే, పది మీటర్ల దగ్గర దెబ్బ మూడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అంటే కొట్టింది 7 అవుతుంది. అదే సైట్లు రెండూ కుదురుగా ఉండి, చెయ్యి మొత్తంగా అయిదు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే దెబ్బ కూడా అయిదు మిల్లీమీటర్లే జరుగుతుంది. అదింకా 10 లోనే ఉంటుంది. నిలకడ కోసం మనం పడే తపనంతా చాలావరకు అక్కర్లేనిదే. చెయ్యి ఊగుతుంది, ఊగనీ. కిలో బరువు ఒంటి చేత్తో చాచి పట్టుకుంటే ఎవరిదైనా ఊగుతుంది. గాడికి అటూ ఇటూ వెలుతురు గీతలు రెండూ సమానంగా ఉన్నాయా లేదా, అదొక్కటే చూడు. మ్యాచ్‌లో స్కోర్ మీద ఆశ పుట్టగానే కన్ను తనకు తెలియకుండానే టార్గెట్ మీదికి పరుగెడుతుంది. నా 7 అప్పుడు జరిగిందదే.

ఇక గుండె దడ. "గుండె చప్పుడు గ్రిప్‌లో వినబడింది" అన్నావు. వినబడుతుంది. గుండె నెమ్మదించడం మన ఆటలో ఎంత లాభమంటే, దానికి వాడే బీటా బ్లాకర్ మందుల్ని నిషేధించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ప్రొప్రనొలాల్ వాడినట్టు తేలి, పిస్టల్‌లో గెలిచిన రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు. కాబట్టి ఫైనల్‌లో నిలబడ్డ ఎనిమిది మందికీ దడ ఉంటుందనే అనుకో. దాన్ని ఆపాలని చూడకు. దడ ఉండగానే సైట్ చూడటం, వేలు ఒక్కదాన్నే మెల్లగా వెనక్కి తీయడం, మిగతా నాలుగు వేళ్లకీ ఆ సంగతి తెలియనట్టు. అదే మనం నేర్చుకోవాల్సిన పని.

పోయిన షాట్‌ని వదిలెయ్యడం గురించి కూడా అడిగావు. 2016 రియోలో 50 మీటర్ల పిస్టల్ ఫైనల్ వీడియో మళ్లీ చూడు. కొరియా షూటర్ జిన్ జాంగ్ ఓ అప్పటికే వరసగా రెండు ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్ గెలిచినవాడు. ఫైనల్లో తొమ్మిదో షాట్ 6.6 (అక్కడ స్కోర్ దశాంశాల్లో లెక్కిస్తారు). ఒలింపిక్ ఫైనల్లో 6.6 అంటే ఊహించు! ఎలిమినేషన్ అంచుకి వచ్చేశాడు. అక్కణ్ణుంచి ఒక్కో షాటే కొట్టుకుంటూ పైకొచ్చి 193.7తో బంగారం గెలిచాడు, ఒలింపిక్ రికార్డుతో. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 6.6 తర్వాత అతను ఏం చేశాడన్నదే నాకు కావాలి. కొత్తగా ఏమీ చేయలేదు. అంతకుముందు షాట్‌కి ఏం చేశాడో అదే చేశాడు. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మను భాకర్ సంగతి నీకు తెలిసిందే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది, 575తో పన్నెండో స్థానం. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో 221.7తో కాంస్యం. ఒక్క 0.1 తేడాతో రజతం తప్పింది. అయినా ఆ అమ్మాయి మొహం మీద నవ్వు చూశావుగా. ఫలితం మీద కాకుండా చేసే పని మీదే మనసు పెట్టమన్న గీత మాట గుర్తు చేసుకున్నానని తర్వాత చెప్పింది. మన షూటర్ సరబ్‌జోత్ సింగ్ అయితే అక్కడే వ్యక్తిగత ఈవెంట్‌లో 577 కొట్టి, ఒక్క ఇన్నర్ టెన్ (పది రింగు నడిమధ్య వలయంలో పడే షాట్) తక్కువై తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. మూడు రోజులకి మనుతో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం. ఆ మూడు రోజులు ఆ కుర్రాడు ఎలా నిద్రపోయాడోనని ఇప్పటికీ అనుకుంటాను.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో తిరువనంతపురం నేషనల్స్‌లో సీనియర్ టైటిల్ గెలిచేనాటికి 13 ఏళ్లది. మను, హీనా సిద్ధూ లాంటి పేరున్న షూటర్లు ఉన్న పోటీ అది. ఆ వయసులో కూడికలు తక్కువ ఉంటాయేమో అనిపిస్తుంది నాకు. ముందున్న షాట్ తప్ప పోగొట్టుకునేదేమీ ఉండదు. కానీ అయిదేళ్ల తర్వాత, అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది చూడు, దానికి నేను ఇంకా పెద్ద దండం పెడతాను.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఆ 7 తర్వాత నేను చేస్తున్నదే ఇది. రోజూ రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు డ్రై ప్రాక్టీస్, అంటే పెల్లెట్ (గుండు) లేకుండా సాధన. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకో, ఎప్పటిలాగే. ఖాళీ తెల్ల గోడ ముందు ముప్ఫైసార్లు ఎత్తు. అందులో పదిసార్లు, సైట్ అద్భుతంగా కుదిరినా సరే, దించెయ్. ముఖ్యంగా అద్భుతంగా కుదిరినప్పుడే. మొదట్లో ప్రాణం విలవిల్లాడుతుంది. చేతికందిన ముద్ద వదిలేసినట్టుంటుంది. రెండు వారాలు పోయాక దించడం కూడా ఎత్తడంలాగే మామూలు పనైపోతుంది. అప్పుడు మ్యాచ్‌లో దానికి ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు.

ఇంకోటి, నీలో నువ్వు అనుకునే మాట మార్చు. "7 కొట్టకూడదు, కుదపకూడదు" అంటుంటావు. పిల్లాడి చేతికి నిండు పాలగ్లాసు ఇచ్చి "ఒలకబోస్తావ్ జాగ్రత్త" అంటే ఏమవుతుంది? గుమ్మం దాటకముందే ఒలకబోస్తాడు. అదే "గ్లాసు చూస్తూ నడువు" అంటే తెచ్చి ఇస్తాడు. నా మాట "అంచులు". ఎత్తేటప్పుడు ఒకసారి, సైట్ కుదిరాక ఒకసారి. నీది నువ్వే వెతుక్కో, రెండు మూడు అక్షరాలకు మించకుండా.

నోట్‌బుక్‌లో మానిటర్ చూడకముందే షాట్ కాల్ చేసి, అంటే ఎక్కడ పడిందో ఊహించి, రాయడం కూడా మళ్లీ మొదలుపెట్టు. "కింద ఎడమ, 9" అని రాసి, తర్వాత తెర చూడు. కాల్ సరిపోతోందంటే కన్ను సైట్ మీదే ఉన్నట్టు. 10 వచ్చినా కాల్ తప్పిందనుకో, ఆ 10ని చూసి సంబరపడకు.

వచ్చే నెల మ్యాచ్‌కి రెండు రోజుల ముందే వచ్చెయ్, మా ఇంట్లోనే ఉందువుగాని. అమ్మ నీ కోసం గోంగూర పచ్చడి చేస్తానంది. రేంజ్‌లో నీకు పక్క లేనే ఇప్పించమని అడిగి ఉంచుతాను.

అన్నట్టు, జవాబులో స్కోర్లు రాయకు. రోజుకి ఎన్నిసార్లు ఎత్తావో, ఎన్నిసార్లు దించావో, ఆ రెండు అంకెలే రాయి.

నీ పక్క లేన్ వాడు